ప్రాజెక్టు నోట్‌బుక్‌లో ‘మార్చు’ అన్న మాట

ఒక ఏడాది ఆగస్టు మొదటి వారంలో ఎనిమిదో తరగతికి పింగళి వెంకయ్య గారి మీద ప్రాజెక్టు ఇచ్చాను. ఆయన పుట్టింది మచిలీపట్నం దగ్గర. జెండా నమూనా గాంధీజీ చేతికి అందింది మా విజయవాడలో. ఇంత దగ్గరి మనిషి గురించి పిల్లలు ఇష్టంగా రాస్తారనుకున్నాను. నలభై నోట్‌బుక్‌లు బల్ల మీదికి వచ్చాయి. దిద్దుతూ పోతుంటే ఒక పుస్తకంలో, ఎర్ర స్కెచ్‌తో కింద గీత గీసి, గుండ్రటి అక్షరాలతో రాసిన చిన్న శీర్షిక కనిపించింది: ‘బాల్యం[మార్చు]’. తర్వాతి పేజీలో ఇంకొకటి, అదే ఎర్ర గీతతో, అదే మాటతో. వాక్యాల చివర [2], [5] అని అంకెలు కూడా శ్రద్ధగా దించి ఉన్నాయి.

ఆ అమ్మాయిని పిలిచి, "ఈ ‘మార్చు’ ఏంటమ్మా?" అని అడిగాను.

"తెలీదు టీచర్. అక్కడ అలాగే ఉంది."

తనని తప్పు పట్టలేను. వాళ్ల నాన్న నెట్ సెంటర్‌లో వికీపీడియా పేజీ ప్రింట్ తీయించి ఇచ్చారు. తను రాత్రి పదకొండింటి దాకా కూర్చుని ఒక్క అక్షరం పోకుండా రాసుకొచ్చింది. మిగతా పుస్తకాల్లో ‘మార్చు’ లేదు కానీ వాక్యాలు మాత్రం అవే, ముప్పై మందికి పైగా. ఈ అమ్మాయి రాసినదాంట్లో ఆ పేజీ గుట్టు తనకి తెలియకుండానే బయటపడింది. చదువుతున్నవాళ్లు ఎవరైనా సరే నొక్కి అక్కడి రాతను సరిదిద్దవచ్చు, అందుకే పక్కన ఆ మీట ఉంది. తెలుగు వికీపీడియాలో దాని పేరే ‘మార్చు’. పుస్తకంలో అచ్చయిన మాటకూ ఆ పేజీలో ఉన్న మాటకూ తేడా ఎక్కడుందో ఆ ఒక్క మాట చెబుతుంది. మా పిల్లలు దాన్ని రోజూ చూస్తున్నారు, కానీ చదవడం లేదు.

స్టాఫ్ రూమ్‌లో ఈ విషయం వచ్చినప్పుడల్లా రెండు మాటలే వినిపిస్తాయి. ఒకరు "వికీపీడియా చూడొద్దని గట్టిగా చెప్పేయండి, ఎవరు పడితే వాళ్లు రాస్తారు" అంటారు. ఇంకొకరు "ఎందుకొచ్చిన గొడవ, అందులో అన్నీ ఉంటాయి, రాసుకోనివ్వండి" అంటారు. నేను రెండూ చేసి చూశాను. చూడొద్దంటే చూడటం మానరు, చూసిన సంగతి దాచిపెడతారు. ఏ పుస్తకంలో దొరికిందని అడిగితే గూగుల్ అంటారు. గూగుల్ దారి చూపిస్తుంది తప్ప రాయదని వాళ్లకి ఎవరూ చెప్పలేదు. పోనీ అని వదిలేస్తే ‘బాల్యం[మార్చు]’ వస్తుంది. చూడాలా వద్దా అన్న దగ్గరే మనం ఆగిపోతున్నాం. ఆ పేజీ ఎలా తయారైందో, దాన్ని ఎలా చదవాలో పిల్లలకి ఒక్క పీరియడ్ అయినా కూర్చోబెట్టి చెప్పడం లేదు.

విజ్ఞాన సర్వస్వం, అంటే ఎన్‌సైక్లోపీడియా, అన్న ఆలోచన మన నేలకి కొత్తది కాదు. పెనుగంచిప్రోలులో 1877లో పుట్టిన కొమర్రాజు వెంకట లక్ష్మణరావు గారు ‘ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము’ మొదలుపెట్టి మూడు సంపుటాలు తెచ్చారు. అక్షరమాల మొదట్లో ఉండగానే 1923లో కన్నుమూశారు. తర్వాత కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు ఆ పనిని తలకెత్తుకున్నారు. ఒక్కో విషయం మీద ఆ విషయం తెలిసిన పండితుడి చేత రాయించడం, దాన్ని సరిచూడటం, అచ్చు వేయడం, అంతా ఏళ్ల పని. ఒకసారి అచ్చయ్యాక తప్పు దొర్లితే మళ్లీ ముద్రణ దాకా అది అలాగే ఉంటుంది. కానీ రాసింది ఎవరో తెలుసు, వాళ్లకి ఆ విషయంలో ఎంత అధికారం ఉందో తెలుసు. ఆ నమ్మకం మీదే ఆ పుస్తకాలు నిలబడ్డాయి.

వికీపీడియా నమ్మకం ఇంకోచోట నిలబడుతుంది. 2001 జనవరిలో ఇంగ్లీషులో మొదలైన ఆ పనిని జిమ్మీ వేల్స్, లారీ శాంగర్ ప్రారంభించారు. నిజానికి అంతకుముందు ఏడాది వాళ్లు పాత పద్ధతిలోనే, నిపుణుల చేత రాయించి అంచెలంచెలుగా పరిశీలించే న్యూపీడియా అనే సర్వస్వం మొదలుపెట్టారు. అది నత్తనడక నడిచింది. దాని పక్కన ఎవరైనా రాయగలిగే తేలిక పద్ధతి పెడితే అసలుదాన్ని మించిపోయింది. తెలుగులో వెన్న నాగార్జున గారి చొరవతో 2003 డిసెంబరులో వికీపీడియా మొదలైంది. దాని పదేళ్ల పండుగ 2014 ఫిబ్రవరిలో మన విజయవాడలోనే జరిగింది. ఇప్పుడు అందులో లక్షకు పైగా వ్యాసాలున్నాయి. జీతం తీసుకోకుండా, రాత్రిళ్లు మేలుకుని రాసినవాళ్ల కష్టం అది. ఆ పేరు తీసుకుని "ఎవరు పడితే వాళ్లు" అని మనం అన్నప్పుడు నాకు మనసు చివుక్కుమంటుంది.

మరి ఎవరైనా రాయగలిగితే నమ్మేది దేన్ని? రాసినవాళ్లని నమ్మమని వికీపీడియా అడగదు. ప్రతి మాటకీ బయట అచ్చయిన ఆధారం చూపించమని రాసినవాళ్లని అడుగుతుంది. మా పిల్లలు గుడ్డిగా దించుకొచ్చిన [2], [5] అంకెలు అవే. పేజీ అడుగున ‘మూలాలు’ అన్న చోట ఆ అంకెకి ఎదురుగా ఏ పుస్తకం, ఏ పత్రిక, ఏ తేదీ అన్నది ఉంటుంది, ఉండాలి. లేకపోతే ఎవరో ఒకరు ఆ వాక్యం పక్కన ‘ఆధారం చూపాలి’ అని తగిలిస్తారు. నేను స్వయంగా చూశాను, నాకు తెలుసు, మా తాతయ్య చెప్పారు అంటే అక్కడ చెల్లదు. సొంత పరిశోధన రాయకూడదన్నది వాళ్ల మూల నియమాల్లో ఒకటి. ఒక వ్యాసంలో రాసినదానికి ఇంకో వికీపీడియా వ్యాసాన్ని ఆధారంగా చూపడానికి కూడా వాళ్లు ఒప్పుకోరు. అంటే తన మాటను తనే ఆధారంగా తీసుకోవద్దని వికీపీడియా నియమం పెట్టుకుంది. ఆ నియమం మా ఎనిమిదో తరగతికి ఎందుకు వర్తించకూడదు?

గుంటూరు మిర్చి యార్డుకి వెళ్లినవాళ్లకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. యార్డులో మిరపకాయ పండదు. ఎక్కడెక్కడి చేలల్లోనో పండిన కాయ టిక్కీల్లో, అంటే మిర్చి బస్తాల్లో, అక్కడికి చేరుతుంది. కొనేవాడు టిక్కీ మీద రాసిన పేరు చూసి లెక్క కట్టడు. చెయ్యి పెట్టి లోపలి నుంచి నాలుగు కాయలు తీసి, రంగు చూసి, తుంచి చూసి, ఏ ప్రాంతం సరుకో కనుక్కుని అప్పుడు రేటు మాట్లాడతాడు. విజ్ఞాన సర్వస్వం అలాంటి యార్డు. ఏది ఎక్కడ పండిందో తెలుసుకోవడానికి అంతకన్నా మంచి చోటు లేదు. టిక్కీ విప్పకుండా ఇంటికి తెచ్చుకుంటే మాత్రం లోపలున్నది మన అదృష్టం.

"మరి తప్పులు ఎన్ని ఉంటాయి టీచర్?" అని పదో తరగతి పిల్లాడొకడు అడిగాడు. మంచి ప్రశ్న. దీనికి తరచు చెప్పే జవాబు ఒకటుంది. 2005 డిసెంబరులో నేచర్ అనే ప్రసిద్ధ సైన్స్ పత్రిక 42 సైన్స్ అంశాలు తీసుకుని, ఇంగ్లీషు వికీపీడియాలోనూ, నిపుణులు రాసే పేరున్న ఇంగ్లీషు సర్వస్వం బ్రిటానికాలోనూ ఉన్న రాతలను, ఏది ఎక్కడిదో చెప్పకుండా నిపుణులకి ఇచ్చి తప్పులు వెతికించింది. సగటున ఒక్కో వ్యాసానికి వికీపీడియాలో నాలుగు, బ్రిటానికాలో మూడు తేలాయి. పెద్ద తప్పులు చెరి నాలుగు. బ్రిటానికా వాళ్లు ఆ పద్ధతినే తప్పుపట్టారు, నేచర్ తన మాట మీద నిలబడింది. దీన్ని పట్టుకుని "వికీపీడియా బ్రిటానికాతో సమానం" అని చాలామంది రాసేస్తారు. ఆ పరీక్ష అంత మాట అనలేదు. అది సైన్స్ గురించి, ఇంగ్లీషు గురించి, 2005 గురించి. వేల మంది చూసే గురుత్వాకర్షణ పేజీలో ఎవరైనా పిచ్చిరాత రాస్తే నిమిషాల్లో పోతుంది. మన మండలంలోని ఒక ఊరి పేజీలో తప్పు ఉంటే దాన్ని చూసేవాళ్లే తక్కువ, కాబట్టి ఏళ్ల తరబడి ఉండిపోవచ్చు. ఒకే పేరు కింద ఉన్న పేజీలన్నీ ఒకే నాణ్యతతో ఉండవు. పిల్లలకి ముందుగా తెలియాల్సింది ఇదేనని నాకు అనిపిస్తుంది. వికీపీడియా మంచిదా కాదా అన్న ప్రశ్నకి జవాబు లేదు. ఈ పేజీ, ఈ వాక్యం, దీని వెనక ఏముంది అని అడిగితే జవాబు దొరుకుతుంది.

మళ్లీ వెంకయ్య గారి దగ్గరికి వద్దాం. నలభై నోట్‌బుక్‌లలో పుట్టిన సంవత్సరం రెండు రకాలుగా ఉంది. కొందరు 1876 అని, కొందరు 1878 అని. తేదీ మాత్రం అందరిదీ ఆగస్టు 2. ఎవరిది తప్పు? రెండు సంవత్సరాలూ అచ్చు పుస్తకాల్లో, పత్రికల్లో ఉన్నాయి. ఒక మంచి విజ్ఞాన సర్వస్వం ఆ రెండింటినీ చెప్పి, ఏది ఎక్కడి నుంచి వచ్చిందో చూపించాలి. ఇలాంటి చోట ఆ పేజీకి ఉన్న ‘చర్చ’ అనే రెండో గది తెరిస్తే రాసినవాళ్ల మధ్య వాదన కనిపిస్తుంది. పక్కనే ‘చరిత్ర’ అనే మూడో గదిలో ఏ రోజు ఎవరు ఏ మాట మార్చారో వరసగా ఉంటుంది. నేను ఈ రెండు గదులూ ప్రొజెక్టర్ మీద చూపించినప్పుడు క్లాసంతా నిశ్శబ్దం అయిపోయింది. పేజీ వెనక మనుషులున్నారని వాళ్లు అప్పుడే మొదటిసారి చూశారు.

ఇంకో వాక్యం దాదాపు అందరూ రాశారు: 1921లో బెజవాడలో జరిగిన అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశంలో వెంకయ్య తయారుచేసిన జెండాను ఆమోదించారు. చదవడానికి బాగుంది, మన ఊరికి గర్వంగా ఉంది. నేనూ చాలా ఏళ్లు పాఠంలో అలాగే చెప్పాను. ఒకరోజు ఆ వాక్యం వెనకున్న ఆధారం ఎంతవరకు పోతుందో చూద్దామని బయల్దేరితే గాంధీజీ రచనల సంపుటాల దగ్గర తేలాను. అవి ఇంటర్నెట్‌లో ఉచితంగానే దొరుకుతాయి. 1921 ఏప్రిల్ 13 నాటి యంగ్ ఇండియా పత్రికలో జాతీయ జెండా గురించి గాంధీజీ స్వయంగా రాశారు. మచిలీపట్నం జాతీయ కళాశాలలో పనిచేస్తున్న వెంకయ్య గారు దేశదేశాల జెండాలను వర్ణిస్తూ, మన దేశానికి నమూనాలు సూచిస్తూ ఒక చిన్న పుస్తకం వేశారని చెప్పారు. రాట్నం పెట్టాలన్న ఆలోచన జలంధర్‌కి చెందిన లాలా హంసరాజ్ ఇచ్చారని చెప్పారు. ఎరుపు, ఆకుపచ్చల మీద రాట్నం ఉండేలా గీసి ఇమ్మని బెజవాడలో అడిగితే వెంకయ్య గారు మూడు గంటల్లో ఇచ్చారట. అయితే సమావేశం ముందు పెట్టడానికి కాస్త ఆలస్యమైపోయిందట. అలా జరగడమే మంచిదైంది, ఆలోచించుకున్నాక మిగతా మతాల కోసం తెలుపు కూడా ఉండాలనిపించింది అని గాంధీజీ అంటారు.

అంటే ఆ జెండా సమావేశం ముందుకే రాలేదు. మనం ఏళ్లుగా చెప్పుకుంటున్న వాక్యాన్ని, ఆ సంఘటనలో ఉన్న మనిషి రెండు వారాల్లోపు రాసిన మాట మార్చేస్తోంది. ఇందువల్ల వెంకయ్య గారు తగ్గిపోయారా? మూడు గంటల్లో జెండా గీసి ఇచ్చిన ఆ మనిషి నాకు ఇంకా దగ్గరయ్యారు. జాతీయ జెండాను ఆయన తయారుచేశారు అన్న మాట కూడా ఇక్కడి నుంచే సరిగ్గా అర్థమవుతుంది. ఆ నమూనా తెలుపు చేరి పెరిగింది. 1931లో కాంగ్రెస్ కాషాయం, తెలుపు, ఆకుపచ్చలతో నడుమ రాట్నంతో ఒక రూపం ఖాయం చేసింది. 1947 జులై 22న రాజ్యాంగ సభ రాట్నం చోట ధర్మచక్రం పెట్టి ఆమోదించింది. ఒక్కరి పేరుతో ఒక్క వాక్యంలో ఇమిడే కథ కాదు. పరీక్షలో ఒక మార్కు ప్రశ్నకి ఒక పేరు రాయాలి, రాయిస్తాం. ప్రాజెక్టు పెట్టేదే ఆ ఒక్క పేరు వెనక ఉన్నది చూడటానికి కదా.

ఇక్కడ మూడు రకాల రాతల మధ్య తేడా పిల్లలకి చెప్పడం తేలిక. గాంధీజీ వ్యాసం ఆ రోజుల్లో, ఆ పనిలో ఉన్న మనిషి రాసింది. అలాంటివి పది చదివి, పోల్చి, తర్వాత ఒక చరిత్రకారుడు రాసిన పుస్తకం రెండో రకం. ఆ పుస్తకాలన్నింటినీ కుదించి చెప్పే విజ్ఞాన సర్వస్వం మూడోది. మూడోదాని నుంచి మొదలుపెట్టి మొదటిదాని వైపు నడవాలి. మొదటిదాన్ని కూడా కళ్లు మూసుకుని నమ్మక్కర్లేదు, మనుషులు తమ గురించి తాము రాసుకునేటప్పుడు మర్చిపోతారు, పెంచి చెబుతారు. కానీ అక్కడి దాకా వెళ్లిన పిల్లకి ఆ అనుమానం కూడా తనంతట తనకే వస్తుంది.

కొన్ని తప్పులు ఇంత లోతైనవి కావు, ఊరికే అజాగ్రత్త. ప్రకాశం బ్యారేజీని సర్ ఆర్థర్ కాటన్ కట్టాడని ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు రాస్తారు. కాటన్ పూనికతో, కెప్టెన్ ఆర్ (Orr) అనే ఇంజనీరు పర్యవేక్షణలో 1855కి పూర్తయింది పాత ఆనకట్ట. అది 1952లో తెగింది. ఇప్పుడు మనం స్కూటర్ మీద దాటే బ్యారేజీ 1957లో ప్రారంభమైంది. పేజీలో రెండూ వేర్వేరు పేరాల్లో సరిగ్గానే ఉంటాయి, పిల్లలు రెండింటినీ కలిపేస్తారు. ఆ తప్పు వికీపీడియాది కాదు.

జిల్లాల సంగతి వేరు. 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. పాత గుంటూరు జిల్లా నుంచి పల్నాడు, బాపట్ల విడిపోయాయి, విజయవాడ కృష్ణా జిల్లా నుంచి ఎన్టీఆర్ జిల్లాకి మారింది. 2011 జనాభా లెక్కల్లో గుంటూరు జిల్లాకి ఉన్న 48 లక్షల 87 వేల మంది పాత జిల్లా మనుషులు. అదే లెక్కల ప్రకారం ఇప్పటి జిల్లా హద్దుల్లో ఉన్నవాళ్లు దాదాపు 21 లక్షలు. ‘మన జిల్లా’ ప్రాజెక్టులో ఒకే పేజీ మీద కొత్త జిల్లా మ్యాపు అతికించి, పాత జనాభా రాసినవాళ్లు ఎంతమందో. పిల్లలే కాదు, పెద్దవాళ్ల రిపోర్టుల్లోనూ చూశాను. అంకె పక్కన ‘ఏ ఏడాది, ఏ హద్దులు’ అని అడిగే అలవాటు లేకపోతే సరైన అంకె కూడా అబద్ధం చెబుతుంది.

ఆధారం ఉంది కదా అని ఊరుకోవడానికి కూడా లేదు. ఆధారమే చుట్టూ తిరిగి వచ్చిందైతే? దీనికి ఒక నిజమైన కథ చెబుతాను, పిల్లలకి బాగా గుర్తుంటుంది. దక్షిణ అమెరికాలో కోవాటి అనే జంతువు ఉంది, పొడుగు ముక్కు, చారల తోక. 2008లో అమెరికాలో ఒక విద్యార్థి సరదాకి ఇంగ్లీషు వికీపీడియాలో దాని పేరు పక్కన ‘బ్రెజిలియన్ ఆర్డ్‌వార్క్ అని కూడా అంటారు’ అని చేర్చాడు. ఆర్డ్‌వార్క్ ఆఫ్రికా జంతువు, దీనికీ దానికీ సంబంధమే లేదు. ఆ మాట ఎవరూ తీసేయలేదు. కొన్నేళ్లలో పత్రికలు ఆ పేరు వాడాయి, పుస్తకాల్లోకి కూడా ఎక్కింది. తర్వాత ఎవరో ఆ వ్యాసంలోనే, ఆ పేరుకి ఆధారంగా ఆ పత్రికల్లో ఒకదాన్ని చూపించారు. కుర్రవాడి సరదా మాట పత్రికకి వెళ్లి, అక్కడ గౌరవం పొంది, తిరిగొచ్చి తనకి తనే సాక్ష్యం చెప్పింది. కాబట్టి మూలంలో ఉన్న పత్రిక కథనం తేదీ చూడాలి. ఆ మాట వికీపీడియాలో చేరింది ముందా, పత్రికలో వచ్చింది ముందా? ‘చరిత్ర’ గదిలో తేదీలన్నీ ఉంటాయి కాబట్టి, ఓపిక ఉంటే ఇది పట్టుకోవచ్చు. మన దగ్గర గుళ్ల స్థలపురాణాలు, ఊరి పేర్ల వెనక కథలు చాలావరకు ఇలాగే చుట్టూ తిరుగుతున్నాయి. నాలుగు సైట్లలో ఉంది కదా అంటారు పిల్లలు. నాలుగూ ఒకే చోటి నుంచి దించినవైతే అది ఒక్క సాక్ష్యమే.

తెలుగు మీడియం పిల్లల కష్టం ఇంకోటి. ఇంగ్లీషులో అమరావతి స్తూపం గురించి పేజీలకి పేజీలు ఉంటుంది, కాలిన్ మెకంజీ పద్దెనిమిదో శతాబ్దం చివర్లో ఆ దిబ్బను చూడటం దగ్గర నుంచి శిల్పాలు మద్రాసు, లండన్ మ్యూజియంలకి చేరడం దాకా. తెలుగులో చాలా అంశాలకి రెండు పేరాల ‘మొలక’ ఉంటుంది. మొలక అన్నది వాళ్ల మాటే, ఇంకా ఎదగని వ్యాసం అని. ఆ పేరు నాకు చాలా ఇష్టం. 2009 తర్వాత రెండేళ్ల పాటు గూగుల్ అనువాద పరికరంతో ఇంగ్లీషు వ్యాసాలను తెలుగు వికీపీడియాలోకి తెచ్చిన ప్రయత్నం ఒకటి జరిగింది. వాటిలో చాలా వ్యాసాల తెలుగు చదవలేనిదిగా ఉండటంతో ఇక్కడి రచయితలకే అది భారమైంది. ఇప్పుడు పిల్లలు ఇంగ్లీషు పేజీని ఫోన్‌లోనే తెలుగులోకి మార్చుకుని దించుకుంటున్నారు. ఊళ్ల పేర్లు, మనుషుల పేర్లు వింతగా మారిపోతాయి. ఇంగ్లీషులో చదవగలిగినవాళ్లకి ఇంగ్లీషులోనే చదివి, పుస్తకం మూసి, సొంత తెలుగులో రాయమంటాను. చదవలేని పిల్లలకి ఆ పేజీ కింద ఉన్న మూలాల్లో తెలుగు పుస్తకం ఏదైనా ఉందేమో చూసి పెట్టడం నా బాధ్యత అనుకుంటాను.

తెలుగు పుస్తకం అంటే మనం ఉన్న చోటు చిన్నది కాదు. 1914 ఏప్రిల్‌లో ఆంధ్రదేశంలోని గ్రంథాలయాలు నడిపేవాళ్లంతా మొదటిసారి ఒకచోట చేరింది ఈ బెజవాడలోనే, అయ్యంకి వెంకటరమణయ్య గారి పూనికతో. ఊరూరా పుస్తకం చేరాలని ఒక తరం తిరిగిన నేల ఇది. గుంటూరులో అన్నమయ్య గ్రంథాలయంలో కూర్చుంటే పాత తెలుగు పత్రికల కట్టలు కనిపిస్తాయి. విజయవాడ లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల కొట్ల ముందు పిల్లల్ని ఒక శనివారం నిలబెట్టాను, పది రూపాయలకి ఒకడు పాత సోషల్ పాఠ్యపుస్తకం కొన్నాడు, అందులో మన రాష్ట్రానికి 23 జిల్లాలు! పుస్తకంలో మాట కూడా కాలంతో పాటు పాతబడుతుందని నేను ఇంకేం చెప్పక్కర్లేకపోయింది.

ఈమధ్య ఇంకో మెట్టు వచ్చి చేరింది. గూగుల్‌లో ఏదైనా వెతికితే అన్నిటికన్నా పైన ఏఐ కూర్చిన నాలుగు వాక్యాలు వస్తున్నాయి. పిల్లలు అక్కడి నుంచి కిందికే దిగడం లేదు. చాట్‌బాట్‌ని అడిగితే ప్రాజెక్టు మొత్తం, చివర పుస్తకాల పట్టికతో సహా ఇస్తుంది. ఆ పట్టికలో అసలు లేని పుస్తకాలు కూడా ఒక్కోసారి ఉంటాయి. ఈ యంత్రాలు నేర్చుకున్న రాతల్లో వికీపీడియా కూడా ఒకటి, కాబట్టి అక్కడి తప్పు ఇక్కడికి రావచ్చు, ఇక్కడ కొత్త తప్పు పుట్టనూ వచ్చు. వికీపీడియా పేజీకి ‘చరిత్ర’ ఉంది, ‘చర్చ’ ఉంది, కింద అంకెలున్నాయి. ఆ నాలుగు వాక్యాలకి అలాంటి గదులు లేవు, ఎవరు ఎప్పుడు ఏం మార్చారో వెనక్కి వెళ్లి చూసే దారి లేదు. ఒకప్పుడు వికీపీడియా చూడొద్దన్న నేనే ఇప్పుడు "కనీసం వికీపీడియా దాకా వెళ్లండిరా" అని బతిమాలుతున్నాను.

ఇప్పుడు ప్రాజెక్టు ఇచ్చేటప్పుడు నేను అడిగే పద్ధతి మారింది. ‘ప్రకాశం బ్యారేజీ గురించి రాయండి’ అంటే దించడానికి పేజీ సిద్ధంగా ఉంటుంది. ‘1952లో ఆనకట్ట తెగినప్పుడు కింద డెల్టాలో ఏ కాలువలకి నీళ్లు అందేవి, మీ తాతయ్యనో పక్కింటి పెద్దాయననో అడిగి, పేజీలో ఉన్నదానితో పోల్చండి’ అంటే దించడానికి ఏమీ ఉండదు. రాసిన దాంట్లో కనీసం మూడు వాక్యాలకి, ఆ విషయం వికీపీడియాలో కాకుండా ఇంకెక్కడ చూశారో అంచున పెన్సిల్‌తో రాయమంటాను. వికీపీడియా చూస్తే చూశామని, ఏ వ్యాసం, ఏ రోజు చూశారన్నది చివర రాయమంటాను. తేదీ ఎందుకంటే రేపటికి ఆ పేజీ మారిపోవచ్చు. ప్రతి మార్పుకీ విడిగా శాశ్వత లింకు ఉంటుంది, పెద్ద క్లాసుల వాళ్లు అది రాస్తారు. ఏడాది మధ్యలో బడిలో వేసే ఎఫ్‌ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్) మార్కుల్లో ప్రాజెక్టుకి వచ్చేది కొంచెమే. ఆ కొంచెం మార్కుల్లోనే సగం ఈ వెతుకులాటకి పెట్టాను. అక్షరాలు ముత్యాల్లా లేకపోయినా పర్లేదని తల్లిదండ్రులకి మీటింగ్‌లో చెప్పాను. కొందరికి నచ్చలేదు. చార్టులు అందంగా ఉండే పిల్లలకి మార్కులు తగ్గాయని ఒకమ్మ బాధపడ్డారు, ఆవిడ బాధ నాకు అర్థమైంది. అయినా మార్చలేదు.

ఈ ఏడాది తొమ్మిదో తరగతిలో మైలవరం వైపు నుంచి వచ్చే అబ్బాయి ఒకడున్నాడు. తెలుగు వికీపీడియాలో చాలా ఊళ్ల పేజీల్లో 2011 జనాభా లెక్కల నుంచి తీసిన వివరాలు ఉంటాయి, బడి ఎంత దూరం, ఆసుపత్రి ఎంత దూరం అని. వాడు తన ఊరి పేజీ తెరిచి పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"టీచర్, మా ఊళ్లో హైస్కూల్ లేదని రాశారు. నేను ఆరూ ఏడూ అక్కడే చదివాను!"

"అయితే ‘మార్చు’ నొక్కు" అన్నాను. అసలు పేరు పెట్టుకోవద్దని, ఊరు, ఫోన్ నంబరు ఎక్కడా రాయొద్దని చెప్పి ఖాతా తెరిపించాను. రాశాడు. మర్నాటికి ఎవరో తీసేశారు, ఆధారం లేదని కారణం రాసి. వాడి మొహం చూడలేకపోయాను. "నేను చదివాను కదా టీచర్, ఇంకేం ఆధారం కావాలి?" నువ్వు చదివావని నాకు తెలుసు, ఎక్కడో కరీంనగర్‌లో కూర్చుని ఈ పేజీ చూసే మనిషికి ఎలా తెలుస్తుంది అని అడిగాను. కాసేపు ఆలోచించాడు. రెండు రోజులు కంప్యూటర్ ల్యాబ్‌లో కూర్చుని దేశంలోని బడుల వివరాలుండే కేంద్ర విద్యాశాఖ యూడైస్ జాబితాలో తన బడి పేరు, ఊరు, తరగతులు పట్టుకున్నాడు. ఈసారి ‘2011 లెక్కల ప్రకారం లేదు’ అన్న పాత వాక్యాన్ని ఉంచి, దాని తర్వాత కొత్త వాక్యం, దానికి ఆ జాబితా ఆధారంగా చేర్చాడు. పాత వాక్యం ఎందుకు తీసేయలేదురా అంటే, "అప్పుడు నిజంగా లేదు కదా టీచర్" అన్నాడు.

వాడి వాక్యం ఇప్పటికీ అక్కడ ఉంది. నిన్న లంచ్‌లో వచ్చి, వాళ్ల ఊరి రామాలయం ఎప్పుడు కట్టారో ఎక్కడ దొరుకుతుందని అడిగాడు. గుడి గోడ మీద శిలాఫలకం ఏదైనా ఉందేమో ముందు చూడమన్నాను. ఉంది కానీ సున్నం కొట్టేశారట. దసరా సెలవుల్లో పూజారి గారిని అడిగి, తడిగుడ్డతో తుడిచి ఫోటో తీసుకొస్తానని చెప్పి వెళ్లాడు.